మడవ

జనవరిలో మాకో కాగితం ఇచ్చారు.
సామాజిక సేవ, రెండు క్రెడిట్లు,
అరవై గంటలు, హాజరు తప్పనిసరి.
నేను స్టాటిస్టిక్స్. ఓబులేసు జియాలజీ.
మహబూబ్బీ తెలుగు.
ముగ్గురికీ కలిపి ఒక త్రాసు,
లేడీస్ హాస్టల్ మెస్సు వెనక సందు.

పారేసిన తిండి తూచాలి,
పళ్ళేలు కడిగిన నీళ్ళు కొలవాలి,
పట్టిక గీయాలి. అంతే.

మొదటిరోజు ముప్పై ఒక్క కిలోలు.
పొద్దుటి ఉప్మా మీద మధ్యాహ్నపు సాంబారన్నం
ఇంకా ఆవిరి పోతూ బస్తాలోకి జారుతుంటే
త్రాసు ముల్లు కంటే ముందు నా తల వంగింది.
అందులో నా పిడికెడూ ఉంది.

గిన్నెలు తోమే వన్నూరమ్మ
కుచ్చిళ్ళు ఎగదోపి మమ్మల్ని చూసి నవ్వింది.
"తూకాలేంటికి మే?
బేస్తవారం ఉప్మా, ముప్పై.
ఆదివారం కోడికూర, ఉత్త ఎముకలే.
నన్నడిగింటే చెప్పేదాన్ని గదా."
నెల తర్వాత నా పట్టిక
ఆమె మాటకు రెండు కిలోల దూరంలో ఆగింది.
నివేదికలో ఆధారం అన్న చోట
ఆమె పేరు రాశాను.
సారు కొట్టేసి 'క్షేత్ర పరిశీలన' అని దిద్దారు.
మళ్ళీ రాశాను.

బేస్తవారం ఉప్మా పోయి ఉగ్గాని వచ్చింది.
బస్తా సగమైంది.
ఈ ఒక్క సంగతికి నాలుగు మీటింగులు.

ఇక నీళ్ళు.
రోజుకు నాలుగు వేల లీటర్లు
సందు దాటి, రోడ్డు దాటి
ఎవరికీ కాకుండా పోయి దోమలను సాకుతున్నాయి.
గోడకు అవతలే
పోయినేడు నాటిన నలభై కానుగ మొక్కలు,
ఫొటోలో పచ్చగా, నేలలో పుల్లలుగా.

మా నాయనది కూడేరు పక్క పల్లె.
మూడు బోర్లూ దుమ్ము కక్కితే
నాలుగోదానికి అప్పు పుట్టక
బుడ్డలు విత్తి మోడం కోసం చూసే మనిషి.
ఫోన్ చేసి అడిగాను, నీళ్ళను ఎట్ల మళ్ళించాలని.
ఎమ్మెస్సీ చదివే బిడ్డ మడవ గురించి అడిగేసరికి
కాసేపు మాట రాలేదాయనకు.
తర్వాత ఆగలేదు.
"నీళ్ళకి చెప్పగూడదు మే, అడగల్ల.
చెంబుడు పొయ్యి.
యా పక్క పోతాదో దాని యెనకాలె నడువు."

ఓబులేసు డిపార్టుమెంటు నుంచి మూడు కాళ్ళ పరికరం తెచ్చాడు,
మహబూబ్బీ చెంబు తెచ్చింది.
రెండూ ఒకే దారి చూపాయి,
చెంబు కాస్త ముందుగా.

గరప నేల. పారను వెనక్కి కొడుతుంది.
మూడడుగుల గుంత తవ్వి, జిడ్డు ఆపడానికి
గులకరాళ్ళు, బొగ్గు, ఇసుక పరిచేసరికి
అరచేతుల్లో బొబ్బలు లేచి, పగిలి, గట్టిపడ్డాయి.

ఏప్రిల్‌లో ఓ మధ్యాహ్నం
నీళ్ళు గోడకింద తూము దూరి
మొదటి కానుగ పాదులోకి చేరినప్పుడు
ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
నేల గుటక వేసిన చప్పుడు వినిపించిందని
మహబూబ్బీ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది.
వన్నూరమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి
"నేను తోమిన నీళ్ళేనా ఇవి?" అంది,
తప్పిపోయిన మేకను పోల్చుకున్నట్టు.

మార్కులొచ్చాయి. ఎనభై ఒకటి.
బైండింగు బాగాలేదని రెండు కోత.
అరవై గంటలూ అయిపోయాయి.

జూన్‌లో మా ఊరి గాలి తెలుసుగా,
దుమ్మూ, ప్లాస్టిక్ కవర్లూ, ఎండుటాకులూ
అన్నీ వచ్చి గుంతలోనే పడ్డాయి.
కాలువ పూడింది.
"ప్రాజెక్టు అయిపాయ గదా" అన్నాడు మెస్సు సూపర్‌వైజరు.
కొత్త బ్యాచి ఇంకా చేరలేదు.
అరవై ఒకటో గంట ఎవరి ఖాతాలో వేయాలో
ఆ కాగితంలో లేదు.

ఈ పొద్దు తెల్లారకముందే పార తీసుకుని వెళ్తే
సందులో అప్పటికే ఎవరో వంగి ఉన్నారు.
వన్నూరమ్మ.
పూరీల జల్లిగరిటెతో
గుంతలో జిడ్డు తీసి పక్కన పోస్తోంది.
"ఏడో చెట్టుకి అందడంల్యా మే,
మడవ తిప్పు" అంది
తలెత్తకుండానే.

తిప్పాను.